రెపో తగ్గింది, ఫండ్ విలువా తగ్గింది: రాయగడలో ఒక పదవీ విరమణ కేసు

2025 ఆగస్టు 19, మంగళవారం ఉదయం. ఒడిశాలోని రాయగడ దగ్గరి కాగితం మిల్లులో ముప్పై రెండేళ్లు పనిచేసి ఆ ఏడాది మార్చి నెలాఖరున పదవీ విరమణ చేసిన ఒక పెద్దమనిషి భార్యతో కలిసి నా కార్యాలయానికి వచ్చారు. చేతిలో ఒక మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంటు ఉంది. జూన్ 3న పెట్టిన 30 లక్షల రూపాయలు ఆ రోజుకు 29 లక్షల 16 వేలుగా కనిపిస్తున్నాయి. ఆయన అడిగింది ఒకటే. ‘‘వడ్డీ రేట్లు తగ్గుతాయన్నారు, తగ్గాయి. రేట్లు తగ్గితే ఈ ఫండ్ పెరుగుతుందన్నారు. మరి ఇది ఎందుకు తగ్గింది బాబూ?’’

ప్రశ్న సూటిగా ఉంది, న్యాయంగానూ ఉంది. దానికి నేను చెప్పిన జవాబు, ఆ తరువాతి వారం రోజుల్లో మేము తీసుకున్న నిర్ణయాలు, వాటి వెనక ఉన్న లెక్కలు ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇందుకు ఆ దంపతులు ఒప్పుకున్నారు. వారిని గుర్తుపట్టే వివరాలు తీసివేశాను. వరసకు ఆయనను బాబాయి గారు అని పిలుస్తాను కనుక ఇక్కడా అలాగే రాస్తాను.

నేను సెబీ (పెట్టుబడుల మార్కెట్ నియంత్రణ సంస్థ) దగ్గర నమోదైన పెట్టుబడి సలహాదారుని. క్లయింటు నుంచి ఫీజు తీసుకుంటాను. ఏ పథకంలో డబ్బు పెట్టించినా నాకు కమీషన్ రాదు. రాయగడ, గుణుపురం, మునిగుడ ప్రాంతాల నుంచి నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెలుగు కుటుంబాలవాళ్లే. తండ్రుల తరం మిల్లు ఉద్యోగానికో, రైల్వేకో, బియ్యం వ్యాపారానికో విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. పిల్లలు విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉంటారు. స్థలం మాత్రం బొబ్బిలి, పార్వతీపురం వైపే కొంటారు. రాయగడ జిల్లా ఐదవ షెడ్యూలు ప్రాంతం కావడం, గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారకుండా 1956 నాటి నిబంధన కట్టడి చేయడం అందుకు ఒక ముఖ్య కారణం. స్థలం సంగతి ఈ కేసు చివరలో మళ్లీ వస్తుంది.

కుటుంబం లెక్క

బాబాయి గారి వయసు 58, పిన్ని గారికి 53. గ్రాట్యుటీ, సెలవుల నగదు కలిపి 10 లక్షలు ఏప్రిల్ 22న వచ్చాయి. పీఎఫ్ సొమ్ము 28 లక్షలు మే 28న ఖాతాలో పడింది. ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకం) పింఛను నెలకు 3,800 రూపాయలు, ఇంటి ముందు భాగానికి వచ్చే అద్దె 3,500. ఇంటి ఖర్చు నెలకు 26 వేలు అని పిన్ని గారు పుస్తకం చూసి చెప్పారు. ఆవిడ పద్దు రాసే మనిషి కాబట్టి ఆ అంకెను నేను ప్రశ్నించలేదు. అంటే నెలకు 18,700 రూపాయలు ఈ 38 లక్షల నుంచే రావాలి. శుక్ర మౌఢ్యం వెళ్లాక, 2026 ఫాల్గుణంలో అమ్మాయి పెళ్లి. దానికి 6 లక్షలు అనుకున్నారు. ఉద్యోగంతో పాటు ఉన్న వైద్య బీమా ఉద్యోగంతోనే పోయింది. బొబ్బిలి దగ్గర ఒక ఇంటి స్థలం ఉంది. అప్పులు లేవు.

పీఎఫ్ పడిన రెండు రోజులకే బ్యాంకు శాఖ నుంచి ఫోను వచ్చింది. పెట్టుబడి పథకాలు అమ్మే ఒక ఉద్యోగి దీర్ఘకాల ప్రభుత్వ బాండ్లలో పెట్టే ఫండ్ ఒకటి చూపించాడు. అతను చెప్పిన మాటలను బాబాయి గారు ఒక చీటీ మీద రాసుకున్నారు, అది నాకు చూపించారు: ‘రిజర్వు బ్యాంకు రేట్లు తగ్గిస్తోంది. ఇంకా తగ్గిస్తుంది. నిపుణులందరూ ఇదే చెబుతున్నారు. రేటు తగ్గితే బాండు ధర పెరుగుతుంది. ప్రభుత్వ హామీ.’ వీటితో పాటు గత ఏడాది రాబడి రెండంకెల్లో ఉన్న పట్టిక ఒకటి. టీవీలో ఆర్థిక కార్యక్రమం పెట్టినా అదే మాట వినిపించింది. విశాఖలో ఉన్న కొడుకును అడిగితే అతనూ అదే చదివానన్నాడు. పీఎఫ్ సొమ్ము మొత్తానికి ఇంకో రెండు లక్షలు కలిపి జూన్ 3న 30 లక్షలు పెట్టారు.

ఏ బ్యాంకు, ఏ ఫండ్ అన్నది ఈ కేసుకు అవసరం లేదు. చీటీ మీది వాక్యాలను ఒక్కొక్కటిగా పరిశీలించడమే అవసరం, ఎందుకంటే వాటిలో పచ్చి అబద్ధం ఒక్కటీ లేదు.

నిజమైన అంచనా, ఆలస్యమైన కొనుగోలు

2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్ల పాటు 6.5 శాతం దగ్గర ఉన్న రెపో రేటును రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరి 7న 6.25కు, ఏప్రిల్‌లో 6 శాతానికి తగ్గించింది. మే నెలాఖరుకు జూన్‌లో మరో తగ్గింపు ఖాయమని దాదాపు అందరూ అనుకుంటున్నారు. ఆ అంచనా ఫలించింది. జూన్ 6న ఏకంగా అర శాతం తగ్గి రెపో 5.5 శాతానికి వచ్చింది. అంటే బాబాయి గారు ఫండ్ కొన్న మూడో రోజునే, నిపుణులు చెప్పిన దానికంటే పెద్ద తగ్గింపే వచ్చింది.

ఇక్కడ రెండు వేర్వేరు రేట్లు ఉన్నాయన్న సంగతి చీటీలో లేదు. రెపో అనేది రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు అతి తక్కువ కాలానికి ఇచ్చే అప్పు మీది వడ్డీ. దాన్ని ద్రవ్య విధాన కమిటీ నిర్ణయిస్తుంది. ముప్పై ఏళ్ల ప్రభుత్వ బాండు మీద రాబడిని, అంటే ఆ రోజు ధరకు కొన్నవాళ్లకు ఏడాదికి ఎంత శాతం వస్తుందన్నదాన్ని, ఏ కమిటీ నిర్ణయించదు. బాండు ధర పెరిగితే ఈ రాబడి తగ్గుతుంది, ధర తగ్గితే పెరుగుతుంది. దాన్ని కొనేవాళ్లు, అమ్మేవాళ్లు కలిసి ప్రతిరోజూ నిర్ణయిస్తారు. వాళ్లు రిజర్వు బ్యాంకు ప్రకటన కోసం చేతులు ముడుచుకుని కూర్చోరు, రాబోయేదాన్ని ముందే ధరలో కలిపేసుకుంటారు. పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడి 2024 ఆరంభంలో 7.2 శాతం చుట్టూ ఉండేది. మొదటి రెపో తగ్గింపుకు చాలా ముందే, 2024 చివరికే, అది 6.8 దగ్గరకు దిగింది. 2025 మొదటి ఐదు నెలల్లో రిజర్వు బ్యాంకు స్వయంగా మార్కెట్లో 2 లక్షల కోట్ల రూపాయలకు పైగా విలువైన బాండ్లు కొనడం, మే నెలలో కేంద్రానికి 2.69 లక్షల కోట్ల డివిడెండు ప్రకటించడం కూడా తోడై మే నెలాఖరుకు రాబడి 6.2 శాతానికి వచ్చింది. పట్టికలో కనిపించిన రెండంకెల రాబడి ఈ దిగుడు వల్ల పుట్టినదే. అది 2024లో కొన్నవాళ్లకు అందింది. బాబాయి గారు కొన్ననాటికి పంట కోసేశారు, కళ్లం కూడా ఊడ్చేశారు.

జూన్ 6 నాటి ప్రకటనలో రేటు తగ్గింపుతో పాటు ఇంకో మాట ఉంది. విధాన వైఖరిని ‘సర్దుబాటు’ (రేట్లు ఇంకా తగ్గించే దిశ) నుంచి ‘తటస్థం’ (ఎటైనా కావచ్చు)కు మార్చారు. వృద్ధికి ఊతమివ్వడానికి ద్రవ్య విధానానికి ఇక మిగిలిన చోటు చాలా తక్కువ అని గవర్నరు సంజయ్ మల్హోత్రా ఆనాడే చెప్పారు. బాండ్ల వ్యాపారులు తగ్గింపును చూడలేదు, ఈ మాటను విన్నారు. ఇక తగ్గేది కొద్దే అయితే ఇంత ధర పెట్టి దీర్ఘకాల బాండు ఎందుకు కొనాలన్న ఆలోచన ఆ రోజే మొదలైంది. ఆ తరువాత రాష్ట్రాల అప్పుల భారం గురించిన చర్చ, ఆగస్టు 15న ప్రధానమంత్రి జీఎస్టీ రేట్ల తగ్గింపు గురించి చెప్పగానే ప్రభుత్వ ఆదాయం తగ్గి అప్పులు పెరుగుతాయేమోనన్న అనుమానం ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆగస్టు 18న, అంటే వీళ్లు నా దగ్గరకు రావడానికి ముందు రోజు, పదేళ్ల బాండు రాబడి 6.5 శాతానికి ఎగబాకింది. ఇంకా దీర్ఘకాలపు బాండ్ల మీద పెరుగుదల మరింత ఎక్కువ.

84 వేల లెక్క

ఫండ్ సంస్థ నెలనెలా విడుదల చేసే ఫ్యాక్ట్ షీట్‌లో ‘మాడిఫైడ్ డ్యూరేషన్’ అని ఒక అంకె ఉంటుంది. ఈ ఫండ్‌కు అది 10.6. బాండ్ల రాబడి ఒక శాతం పెరిగితే ఫండ్ విలువ సుమారు 10.6 శాతం తగ్గుతుందని, ఒక శాతం తగ్గితే అంతే పెరుగుతుందని దాని అర్థం. జూన్ 3 నుంచి ఆగస్టు 19 వరకు ఈ ఫండ్‌లోని బాండ్ల రాబడి సుమారు 0.4 శాతం పెరిగింది. 10.6ను 0.4తో గుణిస్తే 4.24 శాతం నష్టం. ఈ పదకొండు వారాలలో బాండ్ల మీద సమకూరిన వడ్డీ 1.44 శాతం. తీసివేస్తే మిగిలే నష్టం 2.8 శాతం; 30 లక్షల మీద 84 వేలు.

ఈ గుణకారాన్ని కాగితం మీద వేసి చూపించినప్పుడు బాబాయి గారు చాలాసేపు మౌనంగా ఉన్నారు. ఆయన మిల్లులో తేమ శాతాలతో, గ్రాముల లెక్కలతో జీవితమంతా పనిచేసిన మనిషి. ‘‘ఈ 10.6 అనే అంకె నాకు ఆ రోజే చెప్పి ఉంటే నేను పెట్టేవాడినే కాదు’’ అన్నారు. అది నూటికి నూరుపాళ్లు నిజమని నమ్ముతున్నాను. దీర్ఘకాల బాండు ఫండ్ అమ్మేవాళ్లు గత ఏడాది రాబడికంటే ముందు ఈ ఒక్క అంకెను, దాని అర్థాన్ని కొనేవాళ్ల భాషలో చెప్పాలి. చెప్పకుండా అమ్మడం నా దృష్టిలో తప్పు.

‘ప్రభుత్వ హామీ’ అన్న మాట చేసిన నష్టం ఇంకా పెద్దది. ప్రభుత్వం హామీ ఇచ్చేది బాండు కాలం తీరేవరకు చెప్పిన వడ్డీని, తీరిన రోజున అసలును చెల్లిస్తామని మాత్రమే. ముప్పై ఏళ్ల బాండును మధ్యలో ఒక మంగళవారం ఎవరికైనా అమ్ముకోవాలంటే ఎంత వస్తుందన్నదానికి ఏ ప్రభుత్వమూ హామీ ఇవ్వదు. ఫండ్ విలువ అంటే సరిగ్గా ఆ మంగళవారపు ధరే. పోస్టాఫీసు, ఎల్‌ఐసీ, పీఎఫ్ అనే మూడు అనుభవాలతో పెరిగిన తరానికి ‘ప్రభుత్వ’ అన్న మాట వినగానే విలువ తగ్గదన్న అర్థమే స్ఫురిస్తుంది. వినేవాళ్ల మనసులో ఆ మాట ఏమవుతుందో తెలిసీ దాన్ని వాడకూడదు.

అంచనా ఎవరి డబ్బుకు?

రేట్లు తగ్గుతాయి కనుక దీర్ఘకాల బాండ్లు కొనండి అనే సలహా తప్పుడు సలహా కాదు. ముప్పై ఏళ్ల తరువాత పాలసీదారులకు డబ్బు చెల్లించవలసిన జీవిత బీమా సంస్థకు అది రోజువారీ పని. మధ్యలో ధర 4 శాతం పడినా దానికి నష్టమేమీ లేదు. జీతం వస్తూ ఉండి, పదేళ్ల దాకా ఆ డబ్బు ముట్టని నలభై ఏళ్ల ఉద్యోగికి కూడా కొంత భాగం వరకు అది పనికొస్తుంది. ప్రతి నెలా 18,700 రూపాయలు తీసుకోక తప్పని ఇంటికి అదే సలహా వేరే విధంగా పనిచేస్తుంది. ధర పడి ఉన్న నెలలో ఎక్కువ యూనిట్లు అమ్మవలసి వస్తుంది, ధర తిరిగి పెరిగేనాటికి ఆ యూనిట్లు ఉండవు. కాబట్టి ఏ నిపుణుడి మాట విన్నా, అది ఫలిస్తుందా లేదా అని అడిగే ముందు, ఆ మాట ఎవరి డబ్బును దృష్టిలో పెట్టుకుని చెప్పింది, ఎంత కాలానికి చెప్పింది అని అడగాలని నా క్లయింట్లకు చెబుతుంటాను.

అంతకంటే బాధ కలిగించే సంగతి, రేట్లు తగ్గుతాయన్న అదే అంచనాను నమ్మి బాబాయి గారు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. దాని పేరు ఎవరూ ఎత్తలేదు. కేంద్ర ప్రభుత్వ పొదుపు పథకమైన సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ మీద వడ్డీ 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం, పరిమితి అప్పుడే 15 లక్షల నుంచి 30 లక్షలకు పెరిగింది. ఖాతా తెరిచిన రోజున ఉన్న రేటు ఐదేళ్ల పాటు మారదు. చిన్న పొదుపు పథకాల రేట్ల మీద 2011లో నివేదిక ఇచ్చిన శ్యామలా గోపీనాథ్ కమిటీ సూత్రం ప్రకారం ఈ పథకానికి అదే కాలపు ప్రభుత్వ బాండు రాబడి కంటే ఒక శాతం ఎక్కువ ఇవ్వాలి. 2025 జూన్ నాటికి ఐదేళ్ల బాండు 6 శాతానికి కాస్త అటూ ఇటూగా ఉంది. సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే 7 శాతం దగ్గర ఉండవలసిన రేటును కేంద్రం 8.2 దగ్గరే ఉంచింది. అంటే రేట్లు తగ్గుతున్న కాలంలో తగ్గకుండా నిలిచిన రేటు ఒకటి ఎదురుగా ఉంది. ఐదేళ్లకు దాన్ని పట్టుకోవడమే ఆ అంచనాకు తగిన పని. అందులో ఎవరికీ పెద్ద కమీషన్ రాదు.

ఈ పథకం అరవై ఏళ్లు నిండినవారికి అని అందరికీ తెలుసు. యాభై ఐదు నిండి అరవై లోపు ఉన్నవారు పదవీ విరమణ చేస్తే, విరమణ సొమ్ము అందిన నాటి నుంచి మూడు నెలల లోపు, ఆ సొమ్ముకు మించకుండా ఇందులో పెట్టవచ్చని చాలామందికి తెలియదు. 2023 నవంబరుకు ముందు ఆ గడువు ఒక నెలే. పీఎఫ్ మే 28న పడింది కనుక బాబాయి గారి గడువు ఆగస్టు 28. మేము మాట్లాడుకుంటున్నది ఆగస్టు 19.

ఇక్కడ నా పొరపాటు ఒకటి రాయాలి. గ్రాట్యుటీ వచ్చినప్పుడు, ఏప్రిల్‌లో, బాబాయి గారు నాకు ఫోను చేశారు. పీఎఫ్ కూడా రానివ్వండి, అంతా కలిపి ఒకేసారి చూద్దాం అన్నాను. మూడు నెలల గడువు గురించి ఆ రోజే ఒక్క వాక్యం చెప్పి ఉంటే గ్రాట్యుటీ నుంచి కనీసం 2 లక్షలు పెట్టి 30 లక్షల పరిమితిని పూర్తిగా వాడుకునేవాళ్లు, ఈ ఫండ్ దాకా కూడా వచ్చేవాళ్లు కాదేమో. జూలై 22తో ఆ గడువు దాటిపోయింది. ఆ 2 లక్షల మీద ఏడాదికి 16,400 రూపాయల వడ్డీ నా అశ్రద్ధ వల్ల పోయింది. ఈ సంగతి వాళ్లిద్దరికీ చెప్పాను.

నష్టానికి అమ్మడం

ఫండ్ అమ్మి ఆ పథకంలో 28 లక్షలు పెడదామని అన్నప్పుడు బాబాయి గారు ఒప్పుకోలేదు. ‘‘ఇప్పుడు అమ్మితే ఎనభై నాలుగు వేలు నా చేతులతో నేనే పారేసినట్టు కదా బాబూ. ఇంకో ఆరు నెలలు ఆగితే పెట్టిన ధర వస్తుందేమో.’’

ఆ ఆలోచనను తోసిపుచ్చకుండా లెక్క వేశాం. ఫండ్‌లోని బాండ్ల అప్పటి రాబడి 7.2 శాతం, నిర్వహణ ఖర్చు పోగా 6.7 అనుకుందాం. పథకంలో 8.2. తేడా 1.5 శాతం, అంటే 28 లక్షల మీద ఏడాదికి 42 వేలు. రెండేళ్లలో ఆ తేడాయే 84 వేలు అవుతుంది. మరోవైపు నుంచి చూస్తే, ఐదేళ్ల చివరికి ఫండ్ ఈ పథకంతో సమానంగా నిలవాలంటే ఆ 7.5 శాతం తేడాను ధర పెరుగుదల పూడ్చాలి, 10.6తో భాగిస్తే దీర్ఘకాల బాండ్ల రాబడి అక్కడి నుంచి ఇంకో 0.7 శాతం తగ్గాలి. అది జరగకూడదని లేదు, జరగవచ్చు కూడా. కానీ జరిగితేనే ఇల్లు గడుస్తుంది అనే స్థితిలో ఈ దంపతులు ఉండకూడదు. అరవై నిండాక, 2027లో, మళ్లీ ఈ పథకంలో చేరే అర్హత ఎలాగూ వస్తుందని కూడా చెప్పాను. అయితే అప్పటికి రేటు ఎంత ఉంటుందో ఎవరి చేతిలోనూ లేదు, 8.2 మాత్రం ఇంకో తొమ్మిది రోజులు చేతిలో ఉంది.

చివరికి నిర్ణయాన్ని మార్చినది పిన్ని గారి ప్రశ్న. ‘‘ఇవాళ ఈ 29 లక్షలు నోట్ల రూపంలో మన బల్ల మీద ఉంటే, మళ్లీ ఈ ఫండే కొంటారా?’’ అని ఆవిడ భర్తను అడిగారు. ఆయన కొనను అన్నారు. నేను అరగంట లెక్కలతో చెప్పలేనిది ఆవిడ ఒక్క మాటలో చెప్పారు.

ఆ తరువాత క్యాలెండరు చూస్తే మరో చిక్కు బయటపడింది. ఆగస్టు 27 వినాయక చవితి, 28 నువాఖాయి. ఒడిశాలో రెండు రోజులూ బ్యాంకులకు సెలవు. 23, 24 నాలుగో శనివారం, ఆదివారం. 28 గడువు అంటే ఆచరణలో 26. బుధవారం, 20న ఫండ్ అమ్మకానికి పెట్టాం. ముందుగా అమ్మితే కోసే రుసుము (ఎగ్జిట్ లోడ్) లేదు. శుక్రవారం 29 లక్షల 15 వేలు ఖాతాలో పడ్డాయి. ఈలోగా మిల్లు నుంచి విరమణ తేదీ, సొమ్ము చెల్లించిన తేదీ ఉన్న ధ్రువపత్రం తెప్పించాం, పీఎఫ్ పాస్‌బుక్ ప్రతి జత చేశాం. సోమవారం, 25న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖలో 28 లక్షలతో ఖాతా తెరిచారు. కౌంటరులో ఉన్న ఉద్యోగి ముందు వయసు చూసి అరవై నిండలేదు, కుదరదు అన్నారు; నిబంధన కాపీ చూపించాక మేనేజరును అడిగి అంగీకరించారు. ఆ కాపీ తీసుకువెళ్లకపోతే ఆ రోజు వెనక్కి రావలసి వచ్చేది.

మిగిలిన సొమ్ము

28 లక్షల మీద ఏడాదికి 2,29,600. మూడు నెలలకు ఒకసారి 57,400. నెలకు పంచితే 19,133. పింఛను, అద్దె కలిపితే 26,433. ఖర్చు 26 వేలు. ఈ రోజుకు ఇల్లు గడుస్తుంది, మిగులు లేదు. పన్ను విషయం తేలిక: కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉంది కనుక వీళ్ల ఆదాయానికి పన్ను పడదు. ముందుగా మూసివేస్తే కోత ఉంటుందని, మొదటి ఏడాదిలో అయితే అందుకున్న వడ్డీ అంతా వెనక్కి పోతుందని గట్టిగా చెప్పాను, ఎందుకంటే పెళ్లి ఖర్చు అంచనా దాటితే చేయి ముందు దీని మీదకే వెళుతుంది.

అందుకే మిగిలిన 9 లక్షల 15 వేలలో 6 లక్షలు జనవరి నెలాఖరుకు కాలం తీరేలా బ్యాంకు డిపాజిట్‌లో పెట్టాం. పెళ్లి డబ్బు మీద వచ్చే రాబడి గురించి నేను చర్చకే ఒప్పుకోను. ముహూర్తం నాటికి అసలు ఉండటమే దాని పని. 2 లక్షలు అత్యవసరానికి. ఇద్దరికీ కలిపి వైద్య బీమా ప్రీమియం, పరీక్షల ఖర్చు 45 వేలు. సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద ఉన్న 18 శాతం పన్నును 22 నుంచి ఎత్తివేస్తున్నట్టు ప్రకటించడంతో, ఆ మూడు వారాలు బీమా లేకుండా ఉండే ప్రమాదాన్ని చెప్పి, వాళ్ల అంగీకారంతో 24న పాలసీ తీసుకున్నాం.

చివరి 70 వేలు నిఫ్టీ 50 సూచీ ఫండ్‌లో, అంటే యాభై పెద్ద కంపెనీల షేర్లలో పెట్టే ఫండ్‌లో పెట్టాం. దీని గురించి ముందే భయపెట్టాను, కావాలనే. 2020లో నిఫ్టీ పది వారాలలో 12,362 నుంచి 7,610కి పడింది. 2024 సెప్టెంబరు నుంచి 2025 మార్చి ఆరంభం మధ్య దాదాపు 26,200 నుంచి 22,000కు దిగింది. ఈ 70 వేలు ఎప్పుడో 45 వేలుగా కనిపించవచ్చు, ఆ రోజు నాకు ఫోను చేయండి గానీ అమ్మకండి అన్నాను. ఎందుకు పెట్టాలంటే, ధరలు ఏడాదికి 5 శాతం పెరిగితే నేటి 26 వేల ఖర్చు పదేళ్లకు 42 వేలు దాటుతుంది, పథకం వడ్డీ మాత్రం పెరగదు. 2025 అక్టోబరులో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగిందని వార్త వచ్చినప్పుడు బాబాయి గారు ఆ అంకెతో లెక్క మళ్లీ వేయమన్నారు. కూరగాయల ధరలు పడిపోయిన ఒక నెల అంకెతో పదేళ్ల లెక్క వేయనని చెప్పాను.

70 వేలు పదేళ్ల తరువాతి ఖర్చును మోయలేవు. ఈ ప్రణాళికలోని పెద్ద లోటు ఇదే, దాన్ని ఫైలులో మొదటి పేజీలోనే రాసి సంతకాలు తీసుకున్నాను. ఆ లోటును పూడ్చగలిగింది బొబ్బిలి స్థలం ఒక్కటే. ఇప్పటి ధరలో 14 లక్షలు వస్తుందని అంచనా. ఫండ్ మీద వచ్చిన 85 వేల నష్టం స్వల్పకాలిక మూలధన నష్టం. 2026 జూలై 31లోపు రిటర్ను దాఖలు చేస్తే ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకువెళ్లి స్థలం అమ్మకపు లాభంలో తీసివేసుకోవచ్చు. 12.5 శాతం పన్ను లెక్కన పదివేల పైచిలుకు మిగులుతుంది. పన్ను కట్టవలసిన ఆదాయం లేదని రిటర్ను మానేస్తే ఈ హక్కు పోతుంది.

డిసెంబరు 5న రెపో 5.25 శాతానికి దిగింది. ఆ నెలాఖరుకు కూడా పదేళ్ల బాండు రాబడి మే నాటి 6.2 శాతం దగ్గరకు తిరిగి రాలేదు. మనం చేసింది సరైందని తేలింది కదా అని బాబాయి గారు సంతోషంగా ఫోను చేశారు. రాబడి 5.8కి దిగి, ఆ ఫండ్ బాగా పెరిగి ఉన్నా మన నిర్ణయం ఇదే అయి ఉండేదని, ఆగస్టులో మనం బాండ్ల గురించి పందెం కాయలేదని జవాబిచ్చాను. ఆయనకు ఆ జవాబు అంత రుచించలేదు.

జనవరి మొదట్లో పూర్తి త్రైమాసికపు వడ్డీ 57,400 ఖాతాలో పడింది. అందులోంచి నెలకు 19 వేల చొప్పున పిన్ని గారి ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేశారు. స్థలం విషయంలో మాత్రం ఇంకా ఏమీ తేలలేదు. అమ్మాయి పెళ్లి ముందు స్థలం అమ్మితే ఊళ్లో మాట పడతామని పిన్ని గారు అన్నారు. దానికి నా దగ్గర లెక్క లేదు, అడ్డు చెప్పలేదు. పెళ్లయ్యాక, చైత్రంలో కూర్చుందామని అనుకున్నాం. అప్పటికి ఆ వీధిలో గత ఏడాది రిజిస్టరైన రెండు మూడు అమ్మకాల ధరలు తెప్పించి ఉంచుతానని చెప్పాను.